ఆరు తెస్తే ఆరూ నిలవాలంటే: ఉప్పునీటి ట్యాంకులో ఆంథియాస్ గుంపును పెంచడం ఎలా?

"ఏడు తెచ్చాం, మూడు నెలలకి రెండే మిగిలాయి. టెస్టుల్లో నీళ్లు బాగానే చూపిస్తున్నాయి. తప్పెక్కడ జరిగింది?" సముద్రపు చేపల్ని గుంపుగా పెంచాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. చాలాసార్లు నీళ్లలో తప్పుండదు. గుంపులో అన్నిటికంటే కింద ఉన్న చేపకి తిండి అందదు. అది చిక్కిపోతుంది, జబ్బు పడుతుంది, ఒక రోజు కనిపించకుండా పోతుంది. దాని స్థానంలోకి పైనున్నది దిగుతుంది. మళ్లీ అదే కథ. అందుకే ఈ పద్ధతి అంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: ముందుకొచ్చి చేతి దగ్గర తినే చేపని చూసి సంతోషపడకండి, గుంపులో చివరి చేప ఎలా ఉందో చూడండి.

ఆంథియాస్‌లు గుంపులుగా బతికే రంగురంగుల చిన్న సముద్రపు చేపలు. ఉదాహరణకి లైర్‌టెయిల్ ఆంథియాస్‌ని తీసుకుందాం. శాస్త్రీయ నామం సూడాంథియాస్ స్క్వామిపిన్నిస్. ఎర్ర సముద్రం నుంచి మాల్దీవుల మీదుగా పసిఫిక్ దాకా పగడపు దిబ్బల అంచుల్లో వందలకొద్దీ కనిపిస్తుంది. ఆంథియాస్‌లలో గట్టి పిండం ఇదే. ఊదా రంగు పర్పుల్ క్వీన్ లాంటివి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ తిండి అలవాటు చేయడం బాగా అనుభవమున్నవాళ్లకి కూడా కష్టమే. మొదటి గుంపుగా వాటి జోలికి పోవద్దు.

సిద్ధాంతం ఇంత తెలిస్తే చాలు. ఈ చేపలు ఆడవిగా పెరుగుతాయి. నారింజ రంగు, కంటి కింద నుంచి రెక్క దాకా ఊదా గీత ఉంటే ఆడచేప. గులాబీ ఊదా రంగు, వీపు రెక్క ముందు భాగంలో పొడుగ్గా లేచిన ఒక ముల్లు ఉంటే మగచేప. ఒక మగచేప కింద కొన్ని ఆడచేపలు వరసగా హోదా ప్రకారం ఉంటాయి. మగది పోతే పెద్ద ఆడచేప 2 నుంచి 4 వారాల్లో మగదిగా మారుతుంది.

కావలసినవి

- 5×2×2 అడుగుల ట్యాంకు, అంటే సుమారు 540 లీటర్లు. ఒక మగ, ఐదు ఆడ చేపలకి ఇది హాయిగా సరిపోతుంది. 4 అడుగుల కంటే తక్కువ పొడవులో గుంపు పెట్టకండి. తరిమే చేప నుంచి తప్పుకోవడానికి పొడవే కావాలి, ఎత్తు అంతగా పనికిరాదు. స్టాండు, రాళ్లు, సంపుతో (ట్యాంకు కింద పెట్టే ఫిల్టర్ తొట్టితో) కలిపి బరువు 800 కిలోలు దాటుతుంది. అపార్ట్‌మెంటులో అయితే గది మధ్యలో కాకుండా బీము మీదుగా, గోడ వారగా పెట్టండి.
- ట్యాంకు పరిమాణానికి కనీసం ఒకటిన్నర రెట్లు సామర్థ్యమున్న ప్రొటీన్ స్కిమ్మర్ (నీటిలోని మురికిని నురగగా తీసేసే పరికరం).
- రెండు వేవ్‌మేకర్లు, అంటే నీటిలో ప్రవాహం పుట్టించే పంపులు. రెండూ కలిపి గంటకి ట్యాంకు నీటిని 20 నుంచి 30 సార్లు తిప్పేలా.
- చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం), కనీసం పావు హెచ్‌పీ. మన ఏప్రిల్, మే ఎండల్లో ఫ్యాన్ ఒక్కటే చాలదు. విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో ఫ్యాన్ గాలికి నీరు సరిగ్గా ఆవిరి కాదు కాబట్టి చల్లదనం ఇంకా తక్కువ వస్తుంది. చిల్లర్‌ని స్టాండు అరలో పెట్టి తలుపు మూస్తే అది వదిలే వేడి మళ్లీ నీళ్లలోకే చేరుతుంది.
- 6 మిల్లీమీటర్ల కన్ను ఉన్న జాలీ మూత. ఆంథియాస్‌లు దూకుతాయి, ముఖ్యంగా మొదటి వారం.
- 150 లీటర్ల క్వారంటైన్ ట్యాంకు, స్పాంజ్ ఫిల్టర్, హీటర్, చేపలు దాక్కోవడానికి 2 అంగుళాల పీవీసీ ఎల్బోలు పన్నెండు.
- ఆటో ఫీడర్, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు గుళికలు, క్యూబ్‌లుగా గడ్డకట్టించి అమ్మే ఫ్రోజెన్ మైసిస్, సైక్లాప్స్, కోపెపాడ్‌లు (ఇవన్నీ రొయ్య జాతి చిన్న జీవులు).
- రిఫ్రాక్టోమీటర్ (ఉప్పు సాంద్రత కొలిచేది), అమోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్, కాపర్ టెస్ట్ కిట్లు, టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది).
- బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు. కరెంటు పోగానే తానే ఆన్ అయ్యే రకం తీసుకోండి.

బతికున్న రాతి పగడాలు, సీ ఫ్యాన్లు, సీ హార్స్‌లు మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. ఎవరైనా అమ్ముతామన్నా కొనకండి. ఆంథియాస్‌కి పగడాలు అవసరం లేదు. దూరిపోవడానికి సందులున్న కృత్రిమ రాళ్లు, సిరామిక్ దిమ్మలు చాలు.

1. ట్యాంకుని తిండికి తట్టుకునేలా చేయండి

ఈ చేపలు రోజుకి మూడు నాలుగుసార్లు తింటాయి. అంత తిండి పడే ట్యాంకు కనీసం 3 నెలల పాతదై ఉండాలి. చేపలు క్వారంటైన్‌లో ఉన్నప్పుడు పెద్ద ట్యాంకు ఖాళీగా ఉంటుంది కదా, అప్పుడు కూడా రోజూ అర క్యూబ్ మైసిస్ వేస్తూ ఉండండి. లేకపోతే చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమోనియాని అరిగించే బ్యాక్టీరియా తగ్గిపోయి, ఆరు చేపలు ఒక్కసారిగా దిగిన రోజున అమోనియా లేస్తుంది.

కావలసిన కొలతలు: ఉష్ణోగ్రత 25 నుంచి 26 డిగ్రీలు, ఉప్పు సాంద్రత 1.025, పీహెచ్ 8.1 నుంచి 8.4, అమోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం (లీటరుకి మిల్లీగ్రాములు) లోపు.

నీళ్ల విషయంలో చాలామంది బోల్తా పడేది 20 లీటర్ల వాటర్ క్యాన్ దగ్గర. "ఆర్వో నీళ్లే కదండీ" అంటారు. పెన్ను పెట్టి చూడండి. తాగే నీటి ప్లాంట్లలో రుచి కోసం లవణాలు కొన్ని ఉంచుతారు, టీడీఎస్ 50 పైనే కనిపించవచ్చు. మీకు కావలసింది 0 నుంచి 5. ఇంట్లో ఆర్వో ఉంటే దాని తర్వాత ఒక డీఐ కాట్రిడ్జ్ (మిగిలిన లవణాల్ని కూడా తీసేసే ఫిల్టర్) తగిలించుకుంటే సరిపోతుంది. ఉప్పు లీటరుకి సుమారు 35 నుంచి 38 గ్రాములు. 40 లీటర్ల నీటికి కిలోన్నర దగ్గర పడుతుంది. చివరి మాట మాత్రం రిఫ్రాక్టోమీటర్‌దే.

2. దుకాణంలో ఎంచుకోవడం

- ఒకే ట్యాంకులో కలిసి ఉన్న ఒక మగ, ఐదు ఆడ చేపల్ని తీసుకోండి. ఆడచేపలన్నీ ఒకే సైజులో కాకుండా కొంచెం పెద్దా చిన్నా ఉంటే హోదా త్వరగా తేలిపోతుంది, కొట్లాట తగ్గుతుంది. ఇద్దరు మగవాళ్లు ఈ సైజు ట్యాంకులో ఇమడరు.
- మీ ఎదుటే తిండి వేయమనండి. తినని చేపని ధర తగ్గించి ఇస్తామన్నా వద్దు.
- పైనుంచి చూడండి. తల వెనక వీపు కండ నిండుగా ఉండాలి. అక్కడ సన్నబడి కత్తి అంచులా కనిపిస్తే ఆ చేప చాలా రోజులుగా పస్తులుంది.
- తల కిందకి, తోక పైకి పెట్టి ఈదుతుంటే, ఆగగానే పైకి తేలిపోతుంటే ఈత తిత్తి దెబ్బతిన్నట్టే.
- ఏ ఒక్క చేప ఒంటి పక్కన గీరుకున్నట్టు ఎర్రటి పుండు కనిపించినా ఆ ట్యాంకులోని చేపలు ఏవీ తీసుకోకండి. అది యూరోనెమా అనే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు అయ్యే అవకాశముంది. దాని సంగతి నాలుగో మెట్టులో చెప్తాం.

మగచేప దొరక్కపోతే ఆరూ ఆడవే తెచ్చుకోండి. కొన్ని వారాల్లో పెద్దది మగదవుతుంది. నిజానికి ఇదే సాఫీగా నడుస్తుంది, ఎందుకంటే తెలిసిన చేపే పెత్తనం తీసుకుంటుంది.

3. ఇంటికి తెచ్చి దించడం

ఒక్కో చేపకి ఒక్కో కవరు, రెండు పొరలు, మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్, బయట థర్మోకోల్ పెట్టె. ఒకే కవరులో ఆరింటిని వేస్తే వీపు ముళ్లు గుచ్చుకుంటాయి, కవరు చిల్లు పడుతుంది.

ఇంటికొచ్చాక గంటలకొద్దీ చుక్కచుక్కగా నీళ్లు కలిపే పద్ధతి దూర ప్రయాణం చేసిన చేపకి కీడే చేస్తుంది. కవరు మూసి ఉన్నంతసేపు కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తక్కువగా ఉంటుంది, అమోనియా అంతగా బాధించదు. కవరు విప్పగానే ఆ వాయువు పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అదే అమోనియా విషమవుతుంది. కాబట్టి కవరు నీటి సాంద్రత ఎంతో దుకాణాన్ని ముందే అడిగి, క్వారంటైన్ ట్యాంకుని అదే సాంద్రతకి తెచ్చి ఉంచండి. మూసిన కవర్లని 20 నిమిషాలు తేలనివ్వండి. విప్పిన వెంటనే సాంద్రత ఒకసారి చూసుకుని, గిన్నెతో చేపని మాత్రం దించండి. కవరు నీళ్లు సింకులోకి. ట్యాంకు సాంద్రతని తర్వాత నాలుగైదు రోజుల్లో నెమ్మదిగా 1.025కి తెచ్చుకోవచ్చు.

4. క్వారంటైన్

అడుగున ఇసుక, రాళ్లు వద్దు, తెల్ల మచ్చల జబ్బు లాంటివాటికి మందుగా వేసే కాపర్‌ని (రాగిని) అవి పీల్చేస్తాయి. ఎల్బోలు పరచండి, చేపకి రెండు చొప్పున. మూడు వైపులా నల్ల కాగితం అంటించండి, లైటు తగ్గించండి. స్పాంజ్ ఫిల్టర్‌ని ముందే నెలపాటు పెద్ద ట్యాంకు సంపులో నానబెట్టి ఉంచండి.

మొదటి నాలుగు రోజులు మందు మాటే వద్దు. తినడం మొదలవ్వాలి. ఎవరూ తినకముందే కాపర్ వేస్తే ఉన్న కాస్త ఆకలీ చస్తుంది. చేప వేగంగా ఊపిరి తీస్తుంటేనో, ఒంటి మీద ఉప్పు చల్లినట్టు చుక్కలు కనిపిస్తేనో మాత్రం ఆగకండి.

ఆరూ తింటున్నాయని తేలాక కీలేటెడ్ కాపర్‌ని (నీటిలో నిలకడగా ఉండేలా వేరే పదార్థంతో కట్టిన రాగి మందుని) రోజుకి అర పీపీఎం చొప్పున పెంచుతూ 2.0 నుంచి 2.5 పీపీఎం మధ్యకి తెచ్చి, అక్కడి నుంచి 30 రోజులు నిలపండి. మీ టెస్ట్ కిట్ కీలేటెడ్ రకాన్ని చదవగలదో లేదో కొనేముందే చూసుకోండి. అన్ని కిట్లూ చదవలేవు. 2.0 కంటే ఒక్కరోజు దిగినా లెక్క మళ్లీ మొదటికి. ఇది ఎక్కువగా నీళ్లు మార్చినప్పుడే జరుగుతుంది. 40 లీటర్లు తీస్తే, కొత్తగా పోసే 40 లీటర్లలో కూడా అదే మోతాదు కాపర్ ముందుగా కలిపి ఉండాలి.

ఒక హెచ్చరిక: అమోనియాని పట్టి ఉంచే మందులని కాపర్‌తో కలపకండి. ఆ కలయికలో కాపర్ మరింత విషపూరితమై చేపలు చనిపోతాయి. అమోనియా కనిపిస్తే నీళ్లు మార్చడమే మార్గం. మూడు పూటలా తింటున్న ఆరు చేపలకి 150 లీటర్లు తక్కువే. రెండు మూడు రోజులకోసారి 30 శాతం మార్చడానికి సిద్ధంగా ఉండండి.

కాపర్ అయ్యాక ఫ్లూక్ పురుగులకి ప్రాజిక్వాంటెల్, వారం తేడాతో రెండు సార్లు, సీసా మీద రాసిన మోతాదులో. మందు పడ్డాక ఆక్సిజన్ తగ్గుతుంది, ఎయిర్ స్టోన్ జోరు పెంచండి.

యూరోనెమాకి కాపర్ పనిచేయదు. ఎర్ర పుండు ఉదయం వేలిగోరంత ఉంటే సాయంత్రానికి రూపాయి బిళ్లంత అవుతుంది. కనిపించిన నిమిషంలో ఆ చేపని వేరు చేసి, మిగతావాటిని శుభ్రమైన వేరే తొట్టిలోకి మార్చండి. ఫార్మలిన్ స్నానంతో కొన్ని బతుకుతాయి. కానీ ఆ రసాయనం మనిషికి కూడా ప్రమాదం, అలవాటు లేనివాళ్లు ఇంట్లో వాడొద్దు.

పెద్ద ట్యాంకులో ఇంతకుముందు తెల్ల మచ్చల జబ్బు వచ్చి ఉంటే దాన్ని 76 రోజులు చేపలు లేకుండా ఉంచాలి. లేదంటే ఇక్కడ పడ్డ శ్రమంతా వృథా.

5. తిండి పెట్టే తీరు

గుంపు నిలవడమూ చెదరడమూ తేలేది ఇక్కడే. సముద్రంలో ఇవి పగలంతా ప్రవాహంలో కొట్టుకొచ్చే సూక్ష్మ జీవుల్ని ఏరుకుని తింటాయి. వీటి కడుపు చిన్నది, ఒక పూట కడుపునిండా పెట్టి రోజంతా వదిలేస్తే కుదరదు.

ఆరు చేపలకి రోజువారీ ఏర్పాటు ఇలా:

- ఉదయం: అర క్యూబ్ మైసిస్, చిటికెడు సైక్లాప్స్.
- పదకొండింటికి, మూడింటికి: ఆటో ఫీడర్ నుంచి గుళికలు.
- రాత్రి లైట్లు ఆరడానికి గంట ముందు: అర క్యూబ్ మైసిస్, కోపెపాడ్‌లు.

క్యూబ్‌ని చిన్న గ్లాసు ఆర్వో నీళ్లలో కరిగించి, టీ వడకట్టే జాలీలో పోసి ఆ నీళ్లు పారబోయండి. ఫాస్ఫేట్‌లో కొంత అక్కడే పోతుంది. జాలీలో మిగిలినదాన్ని ట్యాంకు నీళ్లలో కలిపి పిపెట్‌తో తీసుకోండి. ముక్క చేప కన్ను కంటే చిన్నదిగా ఉండాలి. పెద్దవైతే కత్తితో తరగండి.

ఇప్పుడు అసలు సంగతి. గ్లాసు మొత్తం ఒక్కసారి గుమ్మరిస్తే మగచేప, పెద్ద ఆడచేపలు రెండూ ముప్పై సెకన్లలో ముప్పావు వంతు మింగేస్తాయి. పిపెట్‌తో కొంచెం వేవ్‌మేకర్ ముందు వదలండి, నిమిషం ఆగి ఇంకొంచెం ట్యాంకు రెండో కొసన. ఇలా మూడు నాలుగు నిమిషాలు. మొదటి నిమిషంలో పెద్దవాటి కడుపు నిండుతుంది, వాటి హడావుడి తగ్గుతుంది. తర్వాతి నిమిషాలు చివరి చేపకి. అది రాయి పక్కనుంచి బయటికొచ్చి కనీసం పది ముక్కలు తినేదాకా పిపెట్ కింద పెట్టకండి.

ఆటో ఫీడర్‌కి తేమే శత్రువు. సంపు ఆవిరికి గుళికలు గడ్డకట్టి, ఫీడర్ తిరుగుతున్నా ఏమీ రాలవు. వారానికోసారి ఖాళీ చేసి తుడిచి, నాలుగు రోజులకి సరిపడానే నింపండి. గుళికలు తినడం క్వారంటైన్‌లోనే నేర్పాలి: మైసిస్ నీళ్లలో నానిన గుళికల్ని మైసిస్‌తో కలిపి వేస్తూ, వారం పది రోజుల్లో పాళ్లు మార్చుకుంటూ రండి.

నైట్రేట్ 20 దాటితే చాలామంది చేసే మొదటి పని తిండి తగ్గించడం. అప్పుడు ముందు దెబ్బ తినేది చివరి చేపే. తిండి అలాగే ఉంచి స్కిమ్మర్ కప్పు రోజూ కడగండి, వారానికి 15 శాతం నీళ్లు మార్చండి, సంపులో కీటోమార్ఫా నాచు పెంచండి.

6. పెద్ద ట్యాంకులోకి

క్వారంటైన్‌లో ఆరూ కలిసే ఉన్నాయి కాబట్టి వాటి హోదా ఇప్పటికే తేలి ఉంటుంది. ఆరింటినీ ఒకే సాయంత్రం, లైట్లు ఆర్పిన తర్వాత, గిన్నెతో దించండి. వలలో ముళ్లు చిక్కుకుంటాయి. మర్నాడు మధ్యాహ్నం దాకా లైటు తక్కువగానే ఉంచండి.

మగచేపని విడిగా తర్వాత తెచ్చి ఉంటే, ముందు ఆడవాటిని వదిలి వారం తర్వాత దాన్ని దించండి. ఈలోగా పెద్ద ఆడచేప రంగు మారడం మొదలైతే ఆ మగచేపని దించొద్దు.

డాటీబ్యాక్‌లు, పొగరుబోతు డామ్సెల్‌లు, ట్రిగ్గర్‌లు ఉన్న ట్యాంకులో ఆంథియాస్ బయట ఈదవు, బయట ఈదనిది తినదు. లయన్ ఫిష్, గ్రూపర్ లాంటివి సరాసరి వాటినే తింటాయి. టాంగ్‌లు ఉండాలనుకుంటే ఆంథియాస్ కుదురుకున్నాక చివరగా తెచ్చుకోండి.

గుంపు తగ్గిందని ఒక్క చేపని తెచ్చి కలపడం దాన్ని చంపుకోవడమే. మూడింటిని తెచ్చి, క్వారంటైన్ చేసి, చిల్లులున్న అక్రిలిక్ పెట్టెలో ట్యాంకు లోపలే ఐదు నుంచి ఏడు రోజులు ఉంచండి. పాత చేపలు పెట్టె మీదకి దూకడం మానేశాక విడిచిపెట్టండి.

7. సరిగ్గా నడుస్తోందో లేదో తెలుసుకోవడం

రోజూ ఉదయం మేత వేసేటప్పుడు లెక్కపెట్టండి. ఆరు రాకపోతే ఆ పూటే వెతకండి: ముందు నేల మీద, తర్వాత ఓవర్‌ఫ్లో పెట్టెలో, తర్వాత రాళ్ల వెనక.

వారానికోసారి చిన్న చేపని పక్కనుంచి ఫోనులో ఫొటో తీసి, కిందటి వారం ఫొటో పక్కన పెట్టి చూడండి. రోజూ చూసే కంటికి తేడా తెలియదు. పొట్ట కింది గీత బయటికి వంగి ఉంటే మంచిది. తిన్న పది నిమిషాల తర్వాత కూడా లోపలికే ఉంటే తిండి అందట్లేదు. ఆ చేపని అక్రిలిక్ పెట్టెలో పదిరోజులు విడిగా మేపండి.

మగచేప ఆడవాటి ముందు రెక్కలు విప్పి ఉరకడం, ఒక్క దూకుతో తరిమి వదిలేయడం మామూలే. ఒకే చేపని పదేపదే తరిమి, దాని తోక చిరిగి, అది పై మూలలో నిలబడిపోతే మామూలు కాదు. అప్పుడు పెట్టెలో వేయాల్సింది దెబ్బలు తినేదాన్ని కాదు, కొట్టేదాన్ని. నాలుగైదు రోజుల తర్వాత అది బయటికొచ్చేసరికి హోదా కొంత సర్దుకుంటుంది.

లైట్లు ఆరిన పది నిమిషాలకి ఎర్ర టార్చితో చూడండి. ఒక్కోదానికి ఒక్కో సందు ఉండాలి. ఎక్కడా చోటు దొరక్క తిరుగుతున్నది ఉంటే రాళ్లలో ఇంకో రెండు సందులు కట్టండి.

రెండో ఆడచేప కూడా ఊదా రంగుకి తిరుగుతుంటే, అది మగచేప కంటికి ఆనకుండా బతుకుతోందని అర్థం. మొదట్లోనే పట్టి దుకాణానికి తిరిగిచ్చేయండి. ఇద్దరూ పూర్తి మగవాళ్లయ్యాక పట్టుకోవడానికి ట్యాంకు సగం విప్పాల్సి వస్తుంది.

రంగు వెలిసిపోతే జబ్బని కంగారు పడకండి. ముందు తిండి చూడండి. ఒట్టి బ్రైన్ ష్రింప్ మీద నడిపితే నారింజ రంగు పాలిపోతుంది. సైక్లాప్స్, క్రిల్ కలిపితే కొన్ని వారాల్లో తేరుకుంటుంది.

మీ దగ్గర 5 అడుగులు లేకపోతే

గ్రీన్ క్రోమిస్ చవక, దుకాణంలో గుంపుగా మెరుస్తూ ఉంటాయి, అందరూ కొనేది అవే. ఏడు తెస్తే ఒకటి మిగలడం వాటి విషయంలో మామూలు మాట. పైది కిందిదాన్ని పొడుస్తూ పోతుంది, దానికి తోడు యూరోనెమా వాటికే ఎక్కువ. తేవాలనే ఉంటే పైన చెప్పిన క్వారంటైన్, తిండి పద్ధతి అంతా పాటించి తీరాలి.

బంగాయ్ కార్డినల్‌లు గుంపుగా కనిపించినా, పెద్దయ్యాక ఒక జంట కట్టి మిగతావాటిని చంపుతాయి. తేలిన జంటని మాత్రమే తెచ్చుకోండి.

200 నుంచి 250 లీటర్ల ట్యాంకుకి పైజామా కార్డినల్‌లు ఐదు తెచ్చుకోండి. ఇవి నిదానమైన చేపలు, పెద్ద గొడవలు పడవు, రోజుకి రెండు పూటలు సరిపోతుంది. రాత్రి తిరిగే జాతి కాబట్టి ఒక పూట మేత లైట్లు తగ్గాక వేయండి. మిగతాదంతా ఇదే, చివరి చేప ఫొటోతో సహా.